ఒడ్డున కూర్చుంది చాలు

ఆదివారం సాయంత్రం విశాఖ ఆర్కే బీచ్‌కి వెళ్లండి. సూర్యలంక అయినా సరే, మంగినపూడి అయినా సరే. నీళ్లలో ఎవరున్నారో తర్వాత చూద్దురుగాని, ముందు ఇసుకలో ఎవరు కూర్చున్నారో చూడండి. నాలుగు జతల చెప్పులు, తువ్వాళ్లు, శ్రీవారి వాచీ, పర్సు, సెల్‌ఫోన్లు, పిల్లల పొడిబట్టలు, పులిహోర డబ్బా... వీటన్నిటి మధ్యా ఒక ఇల్లాలు. "నువ్వూ రామ్మా" అని పిల్లలు పిలిస్తే "మీరాడుకోండి, నేనిక్కడ ఉంటాలే" అంటుంది. మరీ సరదా పుడితే కుచ్చిళ్లు కాస్త పైకెత్తి, పాదాలు తడుపుకుని వచ్చి, మళ్లీ సామాను దగ్గర కూర్చుంటుంది. ఇంటికెళ్లాక అందరి బట్టల్లో ఇసుక దులిపేదీ ఆవిడే.

వెయ్యి కిలోమీటర్లకు అటూ ఇటూగా తీరం ఉన్న తెలుగునేల మీద సముద్రంలో మన ఆడవాళ్ల వాటా ఎంతంటే, పాదం మునిగేంత!

ఇది ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, ఈమధ్య మావారూ నేనూ రెండు వారాలు ఆస్ట్రేలియా తిరిగొచ్చాం. పిల్లలు ఎవరి దారిన వాళ్లు స్థిరపడ్డారు. ఆయన రిటైరయ్యారు. ఎన్నో ఏళ్లుగా వాయిదా వేసుకుంటూ వచ్చిన ప్రయాణం. సిడ్నీ, బ్రిస్బేన్, అక్కడి నుంచి ఉత్తరాన కెయిన్స్, డెయిన్‌ట్రీ అడవి, చివర్లో గ్రేట్ బారియర్ రీఫ్ అనే పగడపు దిబ్బలు. దారి పొడవునా నీళ్లే.

టికెట్లు మాట్లాడటానికి ఇద్దరం కలిసే వెళ్లాం. ట్రావెల్స్ కుర్రాడు వివరాలన్నీ మావారికే చెబుతున్నాడు. "సార్, మీకు రీఫ్‌లో స్నోర్కెలింగ్ రాస్తున్నాను. మేడమ్‌కి గాజు అడుగున్న పడవ పెట్టేస్తాను, కూర్చుని చూడొచ్చు" అన్నాడు. మేడమ్ పక్క కుర్చీలోనే ఉంది. మావారు నా వంక చూశారు. "నాకూ స్నోర్కెలింగే రాయి బాబూ" అన్నాను. ఆ కుర్రాడు తలెత్తి మొదటిసారి నా మొహం చూశాడు.

అతన్ని తప్పుపట్టి ఏం లాభం? రోజూ వచ్చే దంపతుల్ని చూసి నేర్చుకున్న పాఠం అది. సార్ నీళ్లలోకి, మేడమ్ సామాను దగ్గరకి!

అసలు మనకి నీళ్లు కొత్తా? కోనసీమ కాలువ గట్టున పుట్టిన ఆడపిల్లని అడగండి. ఎండిన సొరకాయ బుర్రలు వీపుకి కట్టి, పంటకాలువలోకి నెట్టి ఈత నేర్పిన రోజులు మావి. పన్నెండేళ్లదాకా మా ఊళ్లో మగపిల్లలకీ నాకూ కాలువ ఒక్కటే. ఆ తర్వాత ఒకరోజు "ఇంక చాల్లే" అన్నారు ఇంట్లో. ఎందుకని నేనడగలేదు, వాళ్లు చెప్పలేదు. పెద్దమనిషయిన పిల్లకి కారణం విడిగా చెప్పనక్కర్లేదు కదా! అన్నయ్య మాత్రం మర్నాడూ ఈతకి వెళ్లాడు. నాకు ఈత రాక ఒడ్డున ఆగిపోలేదు. వచ్చిన ఈతనే ఇంట్లోవాళ్లు అడిగి తీసేసుకున్నారు. ఈ వాక్యం చదివి "నాకూ అంతే" అనుకునేవాళ్లు మనలో ఎంతమంది ఉంటారో!

సిడ్నీలో నాకు ఒపేరా హౌస్, హార్బర్ బ్రిడ్జి కన్నా ఎక్కువ నచ్చినవి అక్కడి సముద్రపు కొలనులు. ఒడ్డున రాళ్ల మధ్య గోడ కట్టి కొలను చేస్తారు. అల వచ్చినప్పుడల్లా గోడ మీంచి కొత్తనీరు పడుతుంది. లోపల మాత్రం ప్రవాహం లాగేసే భయం లేకుండా ఈదుకోవచ్చు. కూజీ అనే చోట మెక్‌ఐవర్స్ లేడీస్ బాత్స్ అని ఒకటుంది. పేరులోనే ఉంది, ఆడవాళ్లకీ పిల్లలకీ మాత్రమే ప్రవేశం. 1922 నుంచీ దాన్ని నడుపుతున్నది ఆ ప్రాంతపు మహిళా ఈత సంఘమే. కొండవాలున, చెట్ల చాటున ఉంటుంది. డెబ్భై దాటిన అవ్వలు, చంటిపిల్లల తల్లులు, తలకి గుడ్డ కట్టుకున్న ముస్లిం అమ్మాయిలు, అందరూ ఉన్నారు. ఎవరి పొట్ట ఎంతుందో, ఎవరి కాళ్లు ఎలా ఉన్నాయో చూసే తీరిక అక్కడ ఎవరికీ లేదు. నేను లోపలికి వెళ్లి గంటన్నర నీళ్లలో ఉన్నాను. మావారు బయట బెంచీ మీద కూర్చున్నారు. ఆయన ఒళ్లో నా బ్యాగు, పక్కన నా చెప్పులు! మా పెళ్లయి ముప్ఫై రెండేళ్లు, అలాంటి దృశ్యం చూడటం అదే మొదలు.

"వాళ్లు ఫారినర్స్, వాళ్లకి చెల్లుతుంది" అని కదూ మీరనబోతున్నారు? అక్కడే ఉంది సంగతి. ఇరవయ్యో శతాబ్దం మొదలయ్యేదాకా సిడ్నీ తీరంలో పగటిపూట సముద్రస్నానమే నిషేధం. 1912లో స్టాక్‌హోమ్ ఒలింపిక్స్‌లో మొట్టమొదటిసారి ఆడవాళ్లకి ఈత పోటీలు పెట్టారు. సిడ్నీ అమ్మాయిలు ఫానీ డ్యూరాక్, మైనా వైలీ వెళ్లాలనుకున్నారు. మగవాళ్లు చూస్తుండగా ఆడవాళ్లు ఈదకూడదని వాళ్ల రాష్ట్రపు మహిళా ఈత సంఘం నియమం పెట్టుకుని ఉంది. దానికి అధ్యక్షురాలు రోజ్ స్కాట్. ఆవిడ సామాన్యురాలేం కాదు, స్త్రీల ఓటుహక్కు కోసం ఏళ్ల తరబడి పోరాడిన మనిషి. అంతటావిడకీ ఈతదుస్తుల్లో ఆడపిల్లలు మగవాళ్ల ముందుకు రావడం మింగుడుపడలేదు. జనం గొడవ చేసి, చందాలు పోగుచేస్తే గానీ ఆ ఇద్దరూ ఓడ ఎక్కలేదు. వంద మీటర్ల ఈతలో ఫానీకి స్వర్ణం, మైనాకి రజతం వచ్చాయి. మెక్‌ఐవర్స్‌కి కూతవేటు దూరంలోనే మైనా తండ్రి 1907లో కట్టిన కొలను ఉంది. ఇప్పటికీ జనం ఈదుతున్నారు.

రోజ్ స్కాట్ గురించి చదివితే నాకు మా మేనత్తలు గుర్తొచ్చారు. మన మేలు కోరినవాళ్లే మనకి అడ్డుగీత గీస్తారు. వాళ్ల ప్రేమని శంకించనక్కర్లేదు. గీత మాత్రం అక్కడే ఉండాలని రూలేం లేదు. ఇంకో మాట కూడా చెప్పాలి. ఆడవాళ్లకి విడిగా కొలను ఉండటం వెనకబాటుతనమని కొందరంటారు. నాకలా అనిపించలేదు. మొదటి అడుగు నలుగురి మధ్యా వేయలేనివాళ్లకి అదొక వాకిలి. ఆ వాకిలి దాటాక ఎక్కడ ఈదాలన్నది వాళ్లిష్టం.

బ్రిస్బేన్ ఊరి మధ్య నది పారుతుంది. సముద్రం కొంచెం దూరం. అయితేనేం, 1988లో అక్కడ ప్రపంచ ప్రదర్శన జరిగిన స్థలంలోనే 1992లో నది ఒడ్డున ఇసుక పోసి, కొలను కట్టి, ఊళ్లోనే బీచ్ తయారుచేశారు. టికెట్ లేదు. నీళ్ల దగ్గర కాపలాదారులుంటారు. కెయిన్స్‌లో ఊరి ముందు సముద్రం బురదనేల, పైగా మొసళ్లు. అందుకని 2003లో తీరం వెంబడే ఉప్పునీటి కొలను కట్టారు. అదీ ఉచితమే. సాయంత్రం పూట అక్కడ కూర్చుంటే ఊరంతా కనబడుతుంది. తల్లులు నడుంలోతు నీళ్లలో నిలబడి పిల్లలకి చేతులాడించడం నేర్పుతున్నారు. ఆడవాళ్ల ధైర్యం ఊరికే ఆకాశంలోంచి ఊడిపడదు. దగ్గరలో, భద్రంగా, చేతికందే ఖర్చులో నీళ్లుంటే ధైర్యం దానంతటదే వస్తుంది. మన మునిసిపాలిటీలని అడగాల్సింది ఈ సంగతే.

కెయిన్స్ నుంచి వంద కిలోమీటర్లు పైకి వెళితే డెయిన్‌ట్రీ నది. వంతెన లేదు, ఇనపతాళ్ల మీద నడిచే ఫెర్రీ మీద కారుతో సహా దాటాలి. అవతల వర్షారణ్యం. పద్దెనిమిది కోట్ల ఏళ్ల వంశం ఈ అడవిదని చెబుతారు. 1988లో ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించారు. ఈ నేల అసలు హక్కుదారులు కుకు యలాంజీ అనే ఆదివాసులు. 2021లో డెయిన్‌ట్రీ జాతీయవనాన్ని ప్రభుత్వం తిరిగి వాళ్ల చేతికిచ్చింది.

ఆ అడవిలో రోడ్డు దాటుతున్న కాసోవరీ పక్షి కనబడింది. మనిషంత ఎత్తు, నల్లని ఈకలు, నీలిరంగు మెడ. వెనకాల చారల చారలుగా మూడు పిల్లలు. "తల్లి ఎంత జాగ్రత్తగా తీసుకెళ్తోందో!" అన్నారు మావారు. "అది తల్లి కాదు, తండ్రి" అన్నాడు మా గైడు. కాసోవరీల్లో ఆడపక్షి గుడ్లు పెట్టి తన దారిన తాను వెళ్లిపోతుంది. సుమారు యాభై రోజులు పొదిగేదీ, ఆపైన నెలల తరబడి పిల్లల్ని వెంటేసుకు తిరిగేదీ మగపక్షే. మావారు కాసేపు మాట్లాడలేదు. "పాపం" అన్నారు చివరికి. ఎవరి గురించన్నారో నేనడగలేదు.

అడవి దాటితే కేప్ ట్రిబ్యులేషన్. అక్కడ చెట్లు సముద్రం అంచుదాకా వచ్చేస్తాయి. ఇసుక తెల్లగా, నీళ్లు పచ్చగా, దిగకుండా ఉండలేమనిపించేంత అందం. కానీ దిగకూడదు! ఒడ్డునే పసుపుపచ్చ బోర్డు ఉంది. ఇక్కడ మొసళ్లున్నాయి, నీటి అంచున నిలబడొద్దు అని. పక్కనే ఇంకో బోర్డు. నవంబరు నుంచి మే దాకా విషపు జెల్లీచేపలు వస్తాయి, కుడితే పొయ్యడానికి ఇదుగో వెనిగర్ అని సీసా కూడా పెట్టారు. ఆ బోర్డుల ముందు నేను చాలాసేపు నిలబడ్డాను. వద్దన్నారు, ఎందుకు వద్దో చెప్పారు, ఏ నెలల్లో ఏ ప్రమాదమో చెప్పారు, ప్రమాదం జరిగితే ఏం చేయాలో కూడా చెప్పారు. ఇది జాగ్రత్త. చిన్నప్పుడు నాకు చెప్పింది ఇలాంటిదేం కాదు. "ఇంక చాల్లే" అన్న మాటలో మొసలీ లేదు, వెనిగర్ సీసా లేదు. ఉత్త భయం.

ఆడపిల్లలకి మనం రోజూ పెట్టే ఆంక్షల్ని ఈ గీటురాయి మీద గీసి చూడండి. కారణం చెప్పగలిగితే అది జాగ్రత్త, తప్పకుండా చెప్పండి. చెప్పలేకపోతే అది మన భయం. దాన్ని మన దగ్గరే ఉంచుకుందాం.

ఆఖరున రీఫ్. కెయిన్స్ నుంచి పెద్ద పడవలో గంటన్నరకి పైగా ప్రయాణం. అక్కడ చెప్పులు పెట్టుకోవడానికి ఒడ్డే లేదు, చుట్టూ సముద్రం! సముద్రం మధ్యలో లంగరేసిన తేలే వేదిక, అంతే. ముందు ఒక ఫారం ఇచ్చి గుండెజబ్బుందా, బీపీ ఉందా అని అడిగారు. దాచకుండా రాయాలి. తర్వాత మెడ నుంచి మడమల దాకా కప్పే సూటు ఇచ్చారు. ఆడా మగా తేడా లేకుండా అందరికీ అదే. "ఏం కట్టుకుని దిగాలి?" అని మనల్ని తరతరాలుగా ఆపేసిన ప్రశ్న అయిదు నిమిషాల్లో తీరిపోయింది. పైన లైఫ్ జాకెట్, కళ్లకి అద్దం, నోట్లో గొట్టం, చేతికి తేలే రింగు.

దిగేముందు గుండె దడదడలాడింది. వచ్చేముందు మూడు నెలలు మా ఊరి కొలనులో మధ్యాహ్నపు లేడీస్ బ్యాచ్‌లో పాత ఈత మళ్లీ అలవాటు చేసుకున్నాను. అయినా అది కొలను, ఇది సముద్రం. పక్కకి చూస్తే మావారి మొహం తెల్లబోయి ఉంది. ఆయన పట్నంలో పుట్టారు, ఈత నేర్చుకోలేదు. ఇన్నాళ్లూ ఎక్కడా ఆ మాట పైకి చెప్పే అవసరం రాలేదు. మగవాడికి భయమేమిటంటారని నోరు నొక్కుకోవడం వాళ్లకుండే కష్టం. "ఏమండీ, రింగు ఇటువైపు మీరు పట్టుకోండి, అటువైపు నేను" అన్నాను. అలాగే దిగాం.

మొహం నీళ్లలో పెట్టగానే ఇంకో లోకం. కొమ్ముల్లా, గొడుగుల్లా, మెదడు ఆకారంలో పగడాలు. పగడమంటే రాయి అనుకుంటాం గానీ వేలాది చిన్న చిన్న జీవుల కాపురం అది. చిలకచేపలు పగడాన్ని కొరుకుతుంటే కరకరమని చప్పుడు చెవికి వినబడింది. సముద్రపు పూల మధ్య నారింజరంగు విదూషక చేపలు. ఆ గుంపులో పెత్తనం ఆడచేపదే. అది చనిపోతే మగచేపల్లో పెద్దది ఆడచేపగా మారి ఆ స్థానంలోకి వస్తుందట! ఇది కూడా గైడే చెప్పాడు. మావారు ఈసారి "పాపం" అనలేదు.

అన్నీ రంగులే చూశానంటే అబద్ధం. ఒకచోట తెల్లగా పాలిపోయిన పగడాలు, ఇంకోచోట నాచు పట్టిన మొండి కొమ్మలు. పగడంలో కాపురముండే సూక్ష్మమైన నాచే దానికి తిండీ, రంగూ ఇస్తుంది. నీళ్లు మరీ వేడెక్కితే పగడం ఆ నాచుని వెళ్లగొట్టేసి తెల్లబోతుంది. వేడి త్వరగా తగ్గితే కోలుకుంటుంది, లేకపోతే ఆకలితో చస్తుంది. 1998లో, 2002లో ఇలా పెద్దఎత్తున జరిగింది. ఆ తర్వాత 2016, 2017, 2020, 2022, 2024... మధ్యలో తేరుకునే వ్యవధి ఎంత తగ్గిపోయిందో చూడండి. సుమారు 2,300 కిలోమీటర్ల పొడవున్న దిబ్బలివి. మనం కాల్చే బొగ్గు, పెట్రోలు వేడి అక్కడిదాకా పోతోంది. విమానమెక్కి వెళ్లిన మాకూ అందులో పాలుంది.

ఈ దిబ్బలు ఇంతకాలం నిలిచాయంటే ఒక కవయిత్రికి కూడా దండం పెట్టాలి. పేరు జూడిత్ రైట్. 1967లో ఎలిసన్ రీఫ్ అనేచోట పగడాన్ని తవ్వి చెరకుపొలాలకి సున్నం చేస్తామని ఒక దరఖాస్తు వచ్చింది. చచ్చిన దిబ్బే కదా అన్నారు. జూడిత్ రైట్, జాన్ బస్ట్ అనే చిత్రకారుడు, లెన్ వెబ్ అనే అడవుల శాస్త్రవేత్త కలిసి అడ్డుపడ్డారు. అక్కడ బోలెడంత జీవం ఉందని తేలింది, దరఖాస్తు తిరస్కరించారు. తర్వాత చమురు తవ్వకాల మీద పోరాటం. చివరికి 1975లో రీఫ్‌ని మెరైన్ పార్కుగా కాపాడే చట్టం వచ్చింది. జూడిత్ రైట్‌కి చిన్న వయసులోనే వినికిడి తగ్గింది. అయినా దేశమంతా వినేలా మాట్లాడింది. తను కళ్లారా చూసిన దాని గురించి మాట్లాడింది కాబట్టే ఆ మాటకి బలం వచ్చింది.

ఆడవాళ్లు నీళ్లలో దిగడం ఒట్టి సరదా కోసమేనా అంటే, సరదా కోసమే అయినా తప్పు లేదంటాను. కానీ అంతకన్నా పెద్ద సంగతి ఒకటుంది. సముద్రాన్ని ఒడ్డునుంచే చూసినవాళ్లకి దాని కష్టం తెలియదు. మన తీరంలో తాబేళ్లు చచ్చి కొట్టుకొస్తున్నాయన్నా, కోరింగ మడ అడవులకి ముప్పుందన్నా మనకెందుకులే అనిపిస్తుంది. తెలిసిన నీటి కోసమే మనిషి నోరు విప్పుతుంది.

దీనికోసం ఆస్ట్రేలియా దాకా పోనక్కర్లేదు. అంత ఖర్చు అందరివల్లా అయ్యేదీ కాదు. అలాగని రేపే వెళ్లి విశాఖ అలల్లో దూకమని కూడా అనడంలేదు. మన తీరంలో లోపలికి లాగేసే ప్రవాహాలు ఏటా ప్రాణాలు తీస్తున్నాయి. ఈత వచ్చినవాళ్లూ హద్దు తెలుసుకునే దిగాలి. ముందు కొలనులో నేర్చుకోండి. మీ ఊళ్లో స్విమ్మింగ్ పూల్ ఉంటే లేడీస్ బ్యాచ్ ఉందా, మహిళా కోచ్ ఉందా అని అడగండి. మిట్టమధ్యాహ్నం కాకుండా ఆడవాళ్లకి వీలైన వేళ ఇమ్మని పదిమంది కలిసి అర్జీ పెట్టండి. ఒంటినిండా ఉండే ఈతదుస్తులు ఇప్పుడు దుకాణాల్లో దొరుకుతున్నాయి. వయసంటారా? హైదరాబాద్‌లో ఉండే గోలి శ్యామల నలభై దాటాక ఈత మొదలుపెట్టి, 2021లో నలభై ఏడేళ్ల వయసులో శ్రీలంక నుంచి మనదేశం దాకా పాక్ జలసంధి ఈదేశారు. మనం అంత దూరం ఈదక్కర్లేదు. కొలను ఈ గోడ నుంచి ఆ గోడకి చాలు.

ఎండాకాలం సెలవులు రాగానే పిల్లల్ని ఈతకి చేర్పించడానికి వెళ్తారుగా? అబ్బాయితోపాటు అమ్మాయి పేరూ రాయించండి. పెద్దమనిషయ్యిందని మధ్యలో మాన్పించకండి. గుమాస్తా దగ్గర ఇంకో ఫారం అడిగి తీసుకోండి. దానిమీద మీ పేరు రాయండి.